తొలి బౌలింగ్ టోర్నమెంట్‌కు వెళ్తున్నారా? బంతి, ఆయిల్, స్పేర్లు ఇలా సరిచూసుకోండి

మాల్‌లో స్నేహితులతో టెన్‌పిన్ బౌలింగ్ ఆడి 150 దాటిస్తే ఆ సాయంత్రం మీరే హీరో. అదే చెయ్యి, అదే ఊపు, ఓపెన్ టోర్నమెంట్‌కు వెళ్తే మాత్రం 120 దగ్గర చతికిలబడుతుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని ఇంకా ఖరీదైన బంతి కొనడం. అది ఆఖరున చెయ్యాల్సిన పని.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక గేములో పది ఫ్రేములు, ఫ్రేముకు పది పిన్‌లు, వాటిని పడగొట్టడానికి రెండు బంతులు. పది ఫ్రేముల్లోనూ మొదటి బంతికి 9 పిన్‌లు పడ్డాయి, మిగిలిన ఒక్క పిన్ ప్రతిసారీ తప్పిపోయింది అనుకోండి. స్కోరు 90. ఆ ఒక్క పిన్‌నే ప్రతిసారీ పడగొట్టి, చివర దొరికే అదనపు బంతికి కూడా 9 పడగొడితే 190. రెండింట్లోనూ స్ట్రైక్, అంటే మొదటి బంతికే పదీ పడటం, ఒక్కటీ లేదు. వంద పిన్‌ల తేడా అంతా ఆ ఒంటరి పిన్ దగ్గరే ఉంది. అందుకే నేను చెప్పే వరస ఇది: ముందు చేతికి సరిపోయే బంతి, తర్వాత స్పేర్లకు (మిగిలిన పిన్‌లను రెండో బంతితో పడగొట్టడానికి) ఒక ప్లాస్టిక్ బంతి, తర్వాత లేన్ మీద, అంటే బంతి దొర్లే దారి మీద, పూసిన ఆయిల్ చదవడం. ఎక్కువ వంపు తిరిగే బంతి వీటన్నిటి తర్వాతే.

ఇక్కడి కొలతలన్నీ కుడిచేతి ఆటగాళ్ళకు రాసినవి. ఎడమచేతి వాళ్ళు కుడి ఎడమలు తిప్పి చదువుకోండి.

1. బరువు తేల్చుకోండి

నిబంధనల ప్రకారం బంతి 16 పౌండ్లు మించకూడదు. ఒంటి బరువులో పదో వంతు బంతి పట్టుకోవాలనే పాత సూత్రాన్ని మరిచిపోండి. 90 కిలోల మనిషికి భుజం నొప్పి ఉండొచ్చు, 60 కిలోల అమ్మాయి 14 పౌండ్లు తేలిగ్గా ఊపొచ్చు. ఆరు గేమ్‌లు ఆడాక కూడా చేతిని లాగకుండా, తొయ్యకుండా, దానంతటదే ఊగనివ్వగలిగే బరువే మీ బరువు. మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవాళ్ళలో ఎక్కువమంది 14, 15 దగ్గర కుదురుకుంటారు.

మాల్‌లో 12 పౌండ్ల బంతితో చెయ్యి నొప్పి పుట్టిందని బెదిరిపోకండి. ఆ నొప్పి బరువుది కాదు, పట్టుది. వేళ్ళకు సరిగ్గా తొలిపించిన 14 పౌండ్ల బంతి, వదులు రంధ్రాల 12 కన్నా తేలిగ్గా అనిపిస్తుంది. ఇంకో సంగతి, 12 కన్నా తక్కువ బరువు బంతుల్లో చాలా కంపెనీలు లోపల సాదా కోర్ (బంతి మధ్యలోని బరువు ముద్ద) వేస్తాయి. పేరు అదే ఉంటుంది, పని అది చెయ్యదు.

2. కొలతలు ఇప్పించుకోండి, ఇక్కడ తొందర వద్దు

ఈ ఆటలో డబ్బుకు తగ్గ ఫలితం నూటికి నూరు పాళ్ళు ఇచ్చేది డ్రిల్లింగ్, అంటే మీ వేళ్ళ కొలతకు రంధ్రాలు తొలిపించడం, ఒక్కటే. మన దేశంలో చేయి తిరిగిన డ్రిల్లర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. ఉన్న ఊళ్ళో దొరక్కపోతే ప్రయాణం చేసైనా వెళ్ళండి. చేతి కొలత కాగితం మీద గీసి పంపితే తొలిచి పంపిస్తామనే వాళ్ళ జోలికి పోకండి.

వెళ్ళే ముందు రోజు గంటల తరబడి ఆడొద్దు. ఆడిన చెయ్యి ఉబ్బి ఉంటుంది, ఉబ్బిన బొటనవేలికి తీసిన కొలత మరుసటి వారానికి వదులవుతుంది.

పట్టు రెండు రకాలు. మధ్యవేలు, ఉంగరపు వేలు రెండో కణుపు దాకా లోపలికి వెళ్తే కన్వెన్షనల్. గోరు వైపు మొదటి కణుపు దాకానే వెళ్తే ఫింగర్‌టిప్. సెంటర్‌లో అందరికీ ఇచ్చే హౌస్ బాల్ మొదటి రకం. టోర్నమెంట్లు ఆడే ఉద్దేశం ఉంటే నేరుగా ఫింగర్‌టిప్‌కు వెళ్ళండి. మొదటి నెల బంతి జారిపోతుందేమోనని భయం వేస్తుంది, తర్వాత పాత పట్టు పట్టబుద్ధి కాదు. స్పేర్ బంతిని కూడా అదే కొలతలతో తొలిపించండి. ఒక బంతి ఒకలా, రెండో బంతి మరోలా ఉంటే చేతికి ఏ అలవాటూ నిలవదు.

బంతి తొలిచాక డబ్బులిచ్చి బయటికి వచ్చెయ్యకుండా, అక్కడే బల్ల దగ్గర నిలబడి ఈ పరీక్షలు చెయ్యండి. బొటనవేలిని మొదలంటా లోపలికి దూర్చండి. మిగతా రెండు వేళ్ళను రంధ్రాల్లో పెట్టకుండా వాటి మీదుగా వదులుగా చాపండి. మొదటి కణుపు గీత రంధ్రపు దగ్గరి అంచును కొద్దిగా దాటాలి. అంచు దాకా రాకపోతే స్పాన్ (బొటనవేలి రంధ్రానికీ వేళ్ళ రంధ్రాలకూ మధ్య దూరం) ఎక్కువ, బాగా దాటిపోతే తక్కువ. అరచేయి తోలు బిగుసుకుపోయి తెల్లబడితే మారుమాట లేదు, స్పాన్ ఎక్కువైంది.

తర్వాత బొటనవేలు ఒక్కటే లోపల ఉంచి అటూ ఇటూ తిప్పండి. చుట్టూ తగులుతూ తిరగాలి, ఎక్కడా గిల్లినట్టు ఉండకూడదు. ఇప్పుడు మూడు వేళ్ళూ పెట్టి చెయ్యి కిందికి వేలాడదీయండి, బంతి కింద రెండో చెయ్యి సాయం ఉంచండి. పిండకుండా ఉంటే బంతి నిలుస్తోందా? నిలిస్తే బాగుంది. బొటనవేలి చివర గట్టిగా వంచితే తప్ప నిలవకపోతే, రంధ్రం వదులైనా అయ్యుండాలి, పిచ్ అయినా తప్పుండాలి.

పిచ్ అంటే రంధ్రం వాలు. బంతి మధ్యబిందువు వైపు నేరుగా తొలిస్తే జీరో. అరచేతి వైపు వాలితే ఫార్వర్డ్, బయటికి వాలితే రివర్స్. బొటనవేలి రంధ్రంలో ఫార్వర్డ్ పెరిగేకొద్దీ వేలు లోపల ఎక్కువసేపు ఉంటుంది, రివర్స్ పెరిగేకొద్దీ త్వరగా బయటపడుతుంది. అంగుళంలో ఎనిమిదో వంతు తేడా కూడా చేతికి తెలుస్తుంది.

రెండు మూడు వారాలు ఆడాక మీ చెయ్యే రిపోర్టు ఇస్తుంది. బొటనవేలి మొదట్లో, అరచేయి కలిసే చోట బొబ్బ లేస్తే స్పాన్ ఎక్కువైందనో, రంధ్రపు అంచు నున్నగా గుండ్రం చెయ్యలేదనో అర్థం. బొటనవేలి చివర కాయ కాస్తే మీరు పిండుతున్నారు. దానికి మూలం వదులు రంధ్రమో, అవసరానికి మించిన రివర్సో. వేలికి ఒక పక్కనే ఒరుసుకుంటుంటే పక్కవాటు పిచ్ సరిచూడాలి. చేతికి కాయలు కాయడం పెద్ద ఆటగాడి లక్షణమని గొప్పగా చూపించుకునే వాళ్ళున్నారు. కొలత కుదిరిన చేతికి పెద్దగా కాయలు రావు.

డ్రిల్లర్ దగ్గర్నుంచి తప్పకుండా తెచ్చుకోవాల్సింది ఒక చీటీ. రెండు వేళ్ళ స్పాన్లు, మూడు రంధ్రాల సైజులు, పిచ్‌లు అన్నీ అందులో రాయించుకుని ఫోనులో ఫోటో తీసుకోండి. రేపు ఇంకో ఊళ్ళో, ఇంకో దేశంలో బంతి తొలిపించాల్సి వస్తే అదే మీ ఆధార్ కార్డు.

బొటనవేలి సైజు రోజుకో తీరుగా, ఒక్కోసారి గేముకో తీరుగా మారుతుంది. ఏసీ హాల్లోకి వెళ్ళగానే సన్నబడుతుంది, నాలుగో గేముకు ఉబ్బుతుంది. అందుకని రంధ్రాన్ని కాస్త పెద్దదిగా తొలిపించి, లోపల రెండు మూడు టేపు ముక్కలు అంటించి ఆడటం మొదలుపెట్టండి. ఉబ్బితే ఒకటి పీకెయ్యండి, సన్నబడితే ఒకటి అంటించండి. బ్యాగులో టేపు, చిన్న పట్టకారు లేకుండా టోర్నమెంట్‌కు వెళ్ళకూడదు.

అమెరికా నుంచి వచ్చే బావగారి చేతో, అన్నయ్య చేతో బంతి తెప్పించుకునే వాళ్ళకు రెండు మాటలు. 15 పౌండ్లంటే దాదాపు 6.8 కిలోలు, 23 కిలోల పెట్టెలో ఒక బంతి అంటే ఆవకాయ జాడీలకు చోటు తగ్గినట్టే. కాబట్టి తెప్పించేది తొలవని కొత్త బంతే తెప్పించండి. వాళ్ళు వాడిన బంతి తెస్తే పాత రంధ్రాలన్నీ పూడ్పించి కొత్తగా తొలిపించుకోవాలి. దానికి నాలుగో రంధ్రం ఉందేమో కూడా చూడండి. బ్యాలెన్స్ హోల్ అనే ఆ రంధ్రాన్ని అమెరికా బౌలింగ్ సంఘం యూఎస్‌బీసీ 2020 ఆగస్టు 1 నుంచి నిషేధించింది. ఇప్పుడు ఉన్న ప్రతి రంధ్రంలోనూ ప్రతి బంతికీ వేలు ఉండి తీరాలి. ఆస్ట్రేలియా ప్రొఫెషనల్ ఆటగాడు జేసన్ బెల్మోంటేను చూసి రెండు చేతులతో వేసే కుర్రాళ్ళకు ఇది మరీ ముఖ్యం: బొటనవేలు వాడకపోతే ఆ రంధ్రం ఉండనే కూడదు.

3. లేఅవుట్ గురించి కొంచెం చాలు

రంధ్రాలు ఎక్కడ తొలవాలి అన్నది లేఅవుట్. బంతి వదిలాక అది ఏ ఇరుసు మీద తిరుగుతుందో ఆ ఇరుసు కొసను పీఏపీ అంటారు. బంతి మీద పడే ఆయిల్ చారలను బట్టి డ్రిల్లర్ దాన్ని కొలుస్తాడు. కోర్ తలను సూచించే పిన్ గుర్తు ఆ పీఏపీకి 3⅜ అంగుళాల దూరంలో ఉంటే బంతి ఎక్కువగా ఫ్లేర్ అవుతుంది, అంటే ప్రతి చుట్టుకూ బంతి పై పొరలో కొత్త భాగం లేన్‌కు తగులుతుంది. 5 అంగుళాలు దాటితే ఆ గుణం తగ్గుతుంది. మొదటి బంతికి ఇంతకు మించి ఆలోచించకండి. మీరు ఆడుతుండగా చూడకుండానే గొప్ప లేఅవుట్ వేస్తాననే వాడి కన్నా, నాలుగు బంతులు వేయించి చూసి సాదా లేఅవుట్ వేసేవాడు నయం.

4. పై పొర, గరుకు

బంతి వంపుకు కోర్ కన్నా పై పొర ముఖ్యం. ప్లాస్టిక్ దాదాపు నేరుగా పోతుంది. యురెథేన్ ముందుగానే, మెల్లగా వంగుతుంది. 1990ల మొదట్లో వచ్చిన రియాక్టివ్ రెసిన్ ఆయిల్ మీద జారి, పొడి చోటు తగలగానే గట్టిగా మలుపు తిరుగుతుంది. అందులో సాలిడ్ అనే రకం త్వరగా పట్టుకుంటుంది, పెర్ల్ అనే రకం ఆలస్యంగా పట్టుకుంటుంది.

కొత్త బంతి కొనకుండానే పాత బంతి నడవడి మార్చే మార్గం ఒకటుంది. గరుకు ప్యాడ్. 500, 1000 నంబరు ప్యాడ్‌తో రుద్దితే బంతి త్వరగా పట్టుకుంటుంది, 4000తో రుద్దితే ఇంకాస్త దూరం జారుతుంది. ఆట మొదలయ్యాక రుద్దకూడదు, టోర్నమెంట్ నియమాలు ఒప్పుకోవు. ఏది చేసినా అంతకు ముందే. యూఎస్‌బీసీ నిబంధనలున్న పోటీల్లో ఆట మధ్యలో క్లీనర్ ద్రవాలు కూడా వాడనివ్వరు, పొడి గుడ్డతో తుడుచుకోవడమే.

ఆట అయిపోయాక మాత్రం బద్ధకించకండి. రియాక్టివ్ బంతి ఆయిల్‌ను పీల్చేసుకుంటుంది. బంతి ఇంకా వెచ్చగా ఉండగానే మైక్రోఫైబర్ గుడ్డ, క్లీనర్‌తో తుడవాలి. యాభై, అరవై గేమ్‌ల తర్వాత లోపల చేరిన ఆయిల్‌ను వేడితో తీయించాలి. అలాగని ఎండలో పెట్టి తీయకండి. మే నెలలో హైదరాబాద్‌లో అయినా, ఆగస్టులో డాలస్‌లో అయినా కారు డిక్కీలో వదిలేసిన బంతి పగిలే ప్రమాదం ఉంది. ఏసీ గదిలోంచి ఎండకు, ఎండలోంచి ఏసీకి మారడం దానికి పడదు.

5. కనిపించని ఆయిల్‌ను చదవండి

ఫౌల్ లైన్ (బంతి వదిలేటప్పుడు కాలు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్ దాకా లేన్ 60 అడుగులు. అడ్డంగా 39 బోర్డులు, ఒక్కోటి అంగుళం కన్నా పిసరు ఎక్కువ. సింథటిక్ లేన్‌లో అవి ఉత్తి గీతలే అయినా లెక్క అదే. కుడిచేతి వాళ్ళు కుడి గట్టర్ (లేన్ పక్క కాలువ) వైపు నుంచి లెక్కపెట్టుకోవాలి. ఫౌల్ లైన్ దాటి 15 అడుగుల దగ్గర కనిపించే బాణం గుర్తులు 5, 10, 15 అలా ఐదేసి బోర్డులకు ఒకటి. పిన్‌లను చూసి వెయ్యకండి, బాణాన్ని చూసి వెయ్యండి.

లేన్ మొదటి భాగమంతా యంత్రంతో ఆయిల్ పూస్తారు. ఆ పూసే తీరునే ప్యాటర్న్ అంటారు. క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లిన చోట స్ట్రైకర్ ఎలా జారుతుందో, తుడిచిన చోట ఎలా ఆగుతుందో గుర్తుచేసుకోండి. ఇక్కడ జరిగేదీ అదే. ఆయిల్ ఉన్నంతవరకు బంతి జారుతుంది, ఆయిల్ అయిపోగానే వంగుతుంది, చివర దొర్లుతుంది.

మామూలు సెంటర్లలో వేసే హౌస్ ప్యాటర్న్ మనసున్న మారాజు. మధ్యలో చిక్కగా, అంచుల దగ్గర పలచగా ఉంటుంది. కుడికి తప్పితే పొడి చోటు తగిలి వెనక్కి వస్తుంది, ఎడమకు తప్పితే ఆయిల్ మీద జారి నిలబడుతుంది. మధ్యలోని ఆయిల్‌కూ అంచులోని ఆయిల్‌కూ తేడా పది రెట్ల దాకా ఉండొచ్చు. టోర్నమెంట్లలో వేసే స్పోర్ట్ ప్యాటర్న్‌లో ఆ తేడా చాలా తక్కువ. అక్కడ తప్పు తప్పులాగే కనిపిస్తుంది. సగటు ఇరవై పిన్‌లు పడిపోతే మీ ఆట చెడిపోయిందనుకోవద్దు.

ప్యాటర్న్ పొడవు ముందే ప్రకటిస్తే అదృష్టమే. ఆ పొడవులోంచి 31 తీసెయ్యండి. వచ్చిన సంఖ్య, ఆయిల్ అయిపోయే చోట మీ బంతి ఉండాల్సిన బోర్డు. 40 అడుగుల ప్యాటర్న్‌కు 9వ బోర్డు, 35కు 4వది, 45కు 14వది. ఇది శిలాశాసనం కాదు, మొదటి అంచనా. పొట్టి ప్యాటర్న్‌లో బంతికి వంగడానికి ఎక్కువ చోటు దొరుకుతుంది కాబట్టి అంచు దగ్గర్నుంచి, తక్కువ వంగే బంతితో ఆడాలి. పొడుగు ప్యాటర్న్‌లో లోపలి నుంచి, గట్టిగా పట్టుకునే బంతితో. ప్యాటర్న్‌లకు పేర్లుంటాయి: అమెరికా ప్రొఫెషనల్ సంఘం పీబీఏ చీతా, షార్క్ లాంటి జంతువుల పేర్లు పెట్టింది, అంతర్జాతీయ సమాఖ్య నగరాల పేర్లు పెట్టింది. చీతా పొట్టిది, షార్క్ పొడుగుది.

ఆయిల్ ఉన్నచోట ఉండదు. ప్రతి రియాక్టివ్ బంతీ కొంత తీసుకుపోతుంది. అందరూ ఆడే దారి ముందు ఎండిపోతుంది. ప్లాస్టిక్, యురెథేన్ ఎక్కువగా వాడే స్క్వాడ్‌లో (ఒకే విడతలో ఆడే బృందంలో) కొంత ఆయిల్ ముందుకు సాగి, వంగాల్సిన చోట బంతి జారిపోతుంది. మీతో పాటు ఆ లేన్ మీద ఎవరు ఏ బంతి వేస్తున్నారో చూడకుండా ఫోను చూసుకునే వాళ్ళకు మూడో గేములో ఏం జరిగిందో అర్థం కాదు.

6. ప్రాక్టీస్ నిమిషాలను స్ట్రైక్‌లకు ఖర్చు చెయ్యకండి

స్క్వాడ్ ముందు పది, పదిహేను నిమిషాలు ఇస్తారు. ఆ కాసేపట్లో స్ట్రైక్ పడితే అరుచుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. మొదటి బంతి రెండో బాణం మీద, అంటే 10వ బోర్డు మీద వెయ్యండి. తర్వాతిది మొదటి బాణం దగ్గర. ఆ తర్వాత మూడో బాణం మీద. మూడింటికీ వేగం, చేతి తిప్పు ఒకటే ఉండాలి. ఎక్కడ ఎంత వంగిందో చూడండి. అంచున వేసింది వెనక్కి వచ్చిందా, అక్కడే ఉండిపోయిందా? ఆ ఒక్క జవాబుతో ప్యాటర్న్ సగం తెలిసిపోతుంది.

జంట లేన్‌ల మీద ఆడేటప్పుడు రెండింటినీ వేరువేరుగా చూసుకోండి. లేన్ సమతలంలో అంగుళంలో వెయ్యింట 40 వంతుల దాకా ఎగుడుదిగుడులను నిబంధనలే అనుమతిస్తాయి. అందువల్ల ఒకే ఆయిల్ వేసిన పక్కపక్క లేన్‌లు కూడా కవలలు కావు.

కనీసం ఒక బంతి ప్లాస్టిక్‌ది, వెనక వరసలో కుడి చివర ఉండే పదో నంబరు పిన్ మీదికి వేసి చూడండి. చివరగా అప్రోచ్ (ఫౌల్ లైన్ ముందు అడుగులు వేసే నేల) మీద జారుడు ఎలా ఉందో చూసుకోండి. బూటు అడుగు తడి అయితే కాలు అతుక్కుపోయి ముందుకు బోర్లా పడతారు, మోకాలు పోతుంది. టాయిలెట్‌కు వెళ్ళేటప్పుడు బూటుకు తొడుగు వేసుకోండి. జారుడు కోసం నేల మీద టాల్కమ్ పౌడర్ చల్లే అలవాటు ఎవరైనా నేర్పితే దండం పెట్టెయ్యండి. అది నిషేధం, వెనకాల వచ్చేవాడికి ప్రమాదం.

7. బంతి ఎటు తప్పితే కాళ్ళు అటు

దీన్నొక్కదాన్ని కంఠతా పట్టండి. బంతి మొదటి పిన్‌కు మరీ ఎడమగా, నిండుగా తగిలితే కాళ్ళు ఎడమకు జరపాలి. కుడికి పోయి పలచగా తగిలితే కాళ్ళు కుడికి. ఫౌల్ లైన్ నుంచి బాణాలకు 15 అడుగులు, బాణాల నుంచి పిన్‌లకు 45. కాబట్టి అదే బాణం మీద వేస్తూ కాళ్ళు ఒక బోర్డు జరిపితే పిన్‌ల దగ్గర బంతి ఇంచుమించు మూడు బోర్డులు ఎదురువైపుకు మారుతుంది. దారి ఎండిపోవడం మొదలైతే కాళ్ళు రెండు బోర్డులు, చూపు ఒక బోర్డు ఎడమకు జరపండి. అందరూ మొదట నేర్చుకునే సర్దుబాటు ఇదే, పెద్దవాళ్ళూ దీనితోనే మొదలుపెడతారు.

ఎప్పుడు జరగాలో పిన్‌లే చెబుతాయి. వాటి నంబర్లు ముందు వరస నుంచి వెనక్కి, ప్రతి వరసలో ఎడమ నుంచి కుడికి సాగుతాయి. మంచి స్ట్రైక్‌లో బంతి తగిలేది నాలుగు పిన్‌లకే: 1, 3, 5, 9. మిగతా ఆరింటినీ పిన్‌లే పడగొట్టుకుంటాయి. 4, 4-9 లాంటివి మిగిలితే బంతి నిండుగా తగిలింది. 5-7, 8-10, 2-8 మిగిలితే పలచగా తగిలింది. ఇక అందరినీ ఏడిపించే పదో పిన్. దాన్ని మిగిల్చినప్పుడు తల పట్టుకుని వెనక్కి తిరగొద్దు, ఆరో పిన్ ఏం చేసిందో చూడండి. అది విసురుగా ఎగిరి పదో పిన్ మెడ చుట్టూ తిరిగిపోయిందా? బంతిలో సత్తువ ఉంది, ఒక్క బోర్డు సర్దుబాటు చాలు. ఆరో పిన్ నీరసంగా పడిపోయి గట్టర్‌లో దొర్లిందా? బంతి ముందే వంగి, ఉన్న శక్తంతా ఖర్చు చేసుకుని వచ్చింది. అప్పుడు ఎడమకు జరిగి ఇంకాస్త ఆయిల్ మీద వెయ్యాలి, లేదా తక్కువ గరుకున్న బంతి తీయాలి. రెండూ చూడ్డానికి ఒకే పదో పిన్. మందు మాత్రం వేరు.

బలం పెంచి వెయ్యడం సర్దుబాటు కాదు. వేగం పెంచితే బంతి ఎంత వంగాలో లెక్క తప్పుతుంది, చెయ్యి బిగుసుకుంటుంది, ఇందాక డబ్బు పోసి చేయించుకున్న కొలతలు వృథా అవుతాయి.

8. స్పేర్లకు ఒకే పద్ధతి

ప్లాస్టిక్ బంతి ఎందుకంటే, అది ఆయిల్‌ను పట్టించుకోదు. ఉదయం, సాయంత్రం, పొట్టి, పొడుగు ఏదైనా నేరుగానే పోతుంది. పదో పిన్‌కు లేన్ ఎడమ వైపు నిలబడి, నాలుగో బాణం దగ్గరగా చూస్తూ అడ్డంగా వెయ్యండి. మీరు నిలబడే బోర్డు ఏదో సాధనలో తేల్చుకుని రాసిపెట్టుకోండి.

ఎడమ వైపు పిన్‌లకు 3-6-9 పద్ధతి మంచి మొదలు. స్ట్రైక్ వేసే చోటు నుంచి, చూసే బాణం మార్చకుండా, రెండో పిన్‌కు 3 బోర్డులు కుడికి, నాలుగో పిన్‌కు 6, ఏడో పిన్‌కు 9 జరగండి. స్ట్రైక్ బంతితో కాళ్ళు జరుపుతూ పోతే ఆ స్ట్రైక్ చోటు కూడా జరుగుతుందని గుర్తుంచుకోండి.

సాధనకు వెళ్ళినప్పుడు ఒక గేమ్ మొత్తం స్ట్రైక్ ఊసే ఎత్తకుండా ఆడండి. మొదటి బంతి పదో పిన్‌కు, రెండోది ఏడో పిన్‌కు. పక్క లేన్ పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

9. ఎంట్రీ ఫారం చివరి దాకా చదవండి

భారత్‌లో ఈ ఆటను టెన్‌పిన్ బౌలింగ్ ఫెడరేషన్, రాష్ట్ర సంఘాలు నడుపుతాయి. జాతీయ విజేతల్లో తమిళనాడు షబ్బీర్ ధన్‌కోట్, కర్ణాటక ఆకాశ్ అశోక్ కుమార్ లాంటి వాళ్ళను చూస్తే ఆట ఎక్కడ బలంగా ఉందో తెలుస్తుంది. తెలుగు రాష్ట్రాల వాళ్ళు పోటీ అనుభవం కోసం చెన్నై, బెంగళూరు వైపు చూడటం వింతేం కాదు. అమెరికాలో ఉన్నవాళ్ళకు పని తేలిక: దగ్గర్లోని సెంటర్‌లో వారానికో రాత్రి లీగ్‌లో చేరండి. 21 గేమ్‌లు ఆడితే అధికారిక సగటు వస్తుంది, దాంతో హ్యాండిక్యాప్ టోర్నమెంట్లకు దారి తెరుచుకుంటుంది.

హ్యాండిక్యాప్ లెక్క ఇలా ఉంటుంది. 220లో మీ సగటు తీసేసి, మిగిలినదానిలో 90 శాతం ఇస్తారనుకోండి. మీ సగటు 160 అయితే 54 పిన్‌లు, 200 సగటు వాడికి 18. ఈ ఆధార సంఖ్య, శాతం టోర్నమెంట్‌కో రకంగా ఉంటాయి. స్క్రాచ్ అని రాసి ఉంటే ఎవరికీ ఏమీ కలపరు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు హ్యాండిక్యాప్ విభాగమే ఎంచుకోండి, మొహమాటం అక్కర్లేదు.

ఇంకా చూడాల్సినవి: ఎన్ని గేమ్‌ల క్వాలిఫైయింగ్, కట్‌లో (తర్వాతి దశకు వెళ్ళేవాళ్ళలో) ఎంతమంది, స్కోరు బాగా రాకపోతే మళ్ళీ డబ్బు కట్టి ఇంకో స్క్వాడ్ ఆడనిస్తారా, బంతులకు తనిఖీ ఉందా, కాలర్ చొక్కా తప్పనిసరా. స్కోరింగ్ ఏ పద్ధతిలోనో అడగండి. అంతర్జాతీయ పోటీల్లో కొన్నిచోట్ల స్ట్రైక్‌కు నేరుగా 30, స్పేర్‌కు 10 మీద మొదటి బంతి పిన్‌లు కలిపే పద్ధతి వాడతారు. ఇంకోటి, పిన్‌లకు తాళ్ళు కట్టిన యంత్రాలా, విడి పిన్‌లా? తాళ్ళున్న చోట పిన్‌లు అంత స్వేచ్ఛగా ఎగరవు, స్ట్రైక్‌లు తగ్గుతాయి. యూఎస్‌బీసీ 2023లో దాన్ని వేరే విభాగంగా గుర్తించింది. అలాంటి చోట తెచ్చుకున్న సగటును విడి పిన్‌ల సగటుతో పోల్చుకుని గాబరా పడకండి.

10. ఆ రోజు

గంట ముందే చేరండి. బొటనవేలు హాలు చల్లదనానికి అలవాటు పడనివ్వండి, తర్వాతే టేపు సర్దండి. అప్రోచ్ ఎక్కేముందు రెండు పక్కల లేన్‌లూ చూడండి. ఇద్దరూ ఒకేసారి సిద్ధమైతే కుడి పక్కవాడు ముందు వేస్తాడు. ఫౌల్ లైన్ తొక్కితే లైటు వెలుగుతుంది, పడిన పిన్‌లు పోతాయి, వాదించి లాభం లేదు.

గేమ్‌ల మధ్య కడుపునిండా బిర్యానీ వద్దు, అరటిపండు, నీళ్ళు చాలు. ప్రతి గేమ్ అయ్యాక ఒక చిన్న పుస్తకంలో మూడు ముక్కలు రాయండి: నిలబడ్డ బోర్డు, చూసిన బోర్డు, వాడిన బంతి. లేన్ మారినప్పుడు మీ పాత దారి పట్టుకుని వేలాడకుండా, అంతకు ముందు ఆ జంట మీద ఆడినవాళ్ళు ఎక్కడి నుంచి వేశారో గమనించి అక్కడి నుంచి మొదలుపెట్టండి. రెండు బంతులు వరసగా మీరు అనుకున్నట్టే వదిలినా తప్పు చోట తగిలితే జరగండి. మీరు సరిగ్గా వదలని బంతిని చూసి మాత్రం జరగొద్దు.

స్క్వాడ్ అయ్యాక స్కోరు షీటు మీద సంతకం పెట్టే ముందు ప్రతి గేమ్ మొత్తం, హ్యాండిక్యాప్ కలిపారో లేదో మీరే కూడి చూసుకోండి. సంతకం పెట్టాక తప్పు దొరికితే దిద్దించడం చాలా కష్టం. తర్వాత బంతి తుడిచి, బ్యాగులో వేసుకుని, డిక్కీలో కాకుండా ఇంట్లోకే తీసుకెళ్ళండి.